డెబ్బై తొమ్మిదో నంబరు బండి

నాలుగు వందల పన్నెండు రేసులు.
గెలిచినవి సున్నా.
రికార్డు పుస్తకంలో ఎల్వుడ్ హెడ్రిక్ పేరుకెదురుగా
ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు టైరే గుర్తొస్తుంది.
పంతొమ్మిదేళ్లు వాడి బండికి టైర్లు మార్చినవాణ్ణి,
ఇంకేం గుర్తొస్తుంది.

కరోలినా కొండల కింద
ఎర్రమట్టి ట్రాకు మీద మొదలుపెట్టాడు.
వారమంతా కోళ్ల ఫారాలకి దాణా లారీ,
శనివారం రాత్రి
తలుపులు వెల్డింగు చేసేసిన పాత కారు.
కిటికీలోంచి దూరి కూర్చోవాలి.
అరమైలు చుట్టు, ఎప్పుడూ ఎడమకే.
గానుగ తిప్పే కంచరగాడిదకైనా
పొద్దు వాలేసరికి పాకం వాసన దక్కుతుంది.
మాకు దక్కింది
కాలిన రబ్బరు, చెవుల్లో హోరు,
నెల్డా కట్టిచ్చిన చల్లారిన బిస్కెట్లు.

పెద్ద టీములు వాడి పక్కన పడేసిన టైర్లని
వాళ్ల లారీల వెనక్కి వెళ్లి బేరమాడేవాణ్ణి.
గోటితో గీరి చూస్తే తెలుస్తుంది
ఎంత ప్రాణం మిగిలిందో.
'ఇరవై ల్యాపులుంది' అనేవాణ్ణి.
ఎల్వుడ్ వాటి మీద నలభై తిరిగొచ్చేవాడు.

బండి తలుపు మీద పేరు ఏడాదికొకటి.
సెప్టిక్ ట్యాంకులు తోడే కంపెనీ,
క్యాట్‌ఫిష్ వేయించే హోటలు,
ఓసారి శవపేటికలమ్మే అన్నదమ్ములు.
ఆ ఏడంతా ఒక్కసారైనా గోడకి కొట్టలేదు.
'పాపం, పెట్టిన డబ్బుకి ఫలితం లేదు వాళ్లకి'
అని నవ్వేవాడు.

నవ్వని ఆదివారాలూ ఉన్నాయి.
బయల్దేరడం, ఎనిమిది ల్యాపులు తిరగడం,
'ఏదో వణుకుతోంది' అని రేడియోలో చెప్పి
గ్యారేజీలోకొచ్చి ఇంజను ఆపెయ్యడం.
బండికే జబ్బూ లేదు,
రేసు మొత్తానికి సరిపడా టైర్లే లేవు.
ఆఖరివాడికీ ఎంతో కొంత ఇస్తారు.
ఆ డబ్బుతో
వచ్చే వారం ఇంకో ఊరెళ్లి మళ్లీ ఆగిపోవచ్చు.
అలాంటి రోజుల్లో హెల్మెట్ తియ్యకుండా
చాలాసేపు సీట్లోనే కూర్చునేవాడు.
నేను పానాలు తుడిచిందే తుడుస్తూ ఉండేవాణ్ణి.

ఆ ఆగస్టులో కూడా అలాగే ఆగి ఉన్నాం.
పసుపు జెండా ఊపారు.
ట్రేస్ కల్‌పెపర్ అని, డబ్బున్న టీము కుర్రాడు,
ఎండకో తిన్నదానికో స్టీరింగు మీదే వాంతి చేసుకున్నాడు.
వాళ్ల మనిషి పరిగెత్తుకొచ్చి అడిగాడు:
'ఖాళీగా ఉన్న డ్రైవరెవడు?'

ఎల్వుడ్ నా వైపు చూశాడు.
నేను చెయ్యూపాను, పో అని.

ఇంకా నూట నలభై ల్యాపులు.
ఇరవై రెండో స్థానం.
పిట్ గోడెక్కి నిలబడ్డాను.
కొత్త టైర్ల మీద ఎల్వుడ్‌ని చూడటం
నాకదే మొదలు.
ఎలా చెప్పను,
ఎప్పుడూ నత్తిగా మాట్లాడే మనిషి
ఉన్నట్టుండి గడగడా కథ చెప్పినట్టు.
మూడో మలుపులో గోడకి బెత్తెడు దూరంలో
ఒక్కొక్కణ్ణీ దాటాడు.
గళ్ల జెండా కిందికి
వాడే ముందొచ్చాడు.

రూలు మాకు తెలియనిదేం కాదు.
బండిని బయల్దేరదీసినవాడిదే గెలుపు.
కప్పు పట్టుకుని ఫొటోకి నిలబడ్డ ట్రేస్
పాలిపోయి, చంకలో నీళ్ల సీసాతో.
మంచి పిల్లాడే. వెనక్కి తిరిగి వెతికాడు కూడా.
ఎల్వుడ్ అప్పటికే కంచె పక్కనుంచి మా దగ్గరికొచ్చేశాడు,
ఒళ్లంతా తడిసి ముద్దై.
'వాళ్లు కుడి వెనక స్ప్రింగు కాస్త మెత్తగా పెట్టారు,
మనమూ చూద్దాం' అన్నాడు.
అంతే. ఆ రాత్రి ఇంటికి నూట పది మైళ్లు,
ఇంకో మాట లేదు.

స్టాప్‌వాచీతో నెల్డా రాసే నోటుపుస్తకంలో
ఆ నూట నలభై ల్యాపులూ సెకన్లతో సహా ఉన్నాయి.
పైన పేరు మాత్రం రాయలేదు.

ఇప్పుడు బడి బస్సు నడుపుతున్నాడు.
కుడికి తిరగాల్సొస్తే
ఓ క్షణం ఆలోచిస్తాడని పిల్లల వేళాకోళం.

మొన్న తన పికప్ తెచ్చి నా షాపు ముందు ఆపాడు.
టైర్లు అరిగి నున్నబడ్డాయి.
'కొత్తవి వేసెయ్యనా, డబ్బులొద్దులే' అన్నాను.
కిందికి వంగి, గోటితో గీరి,
'ఇంకా ఇరవై ల్యాపులుందిరా' అన్నాడు.